ఏ ఇబ్రహీంపట్నం?

"ఏ ఇబ్రహీంపట్నం?" అని అడిగారు మా డెస్కులో ఒకరు. 2022 ఆగస్టు నెలాఖరు. రాత్రి తొమ్మిది దాటింది. ఫోన్లో వచ్చిన వార్తలో ఊరి పేరుంది, జిల్లా పేరు లేదు. అడిగినవారిది తప్పని నేననను. తెలుగు నేల మీద ఆ పేరుతో మూడు మండల కేంద్రాలున్నాయి. ఒకటి విజయవాడ పక్కన, కొండపల్లి దగ్గర, థర్మల్ స్టేషన్ పొగగొట్టాల నీడన ఉంటుంది. ఇంకొకటి జగిత్యాల జిల్లాలో, మెట్‌పల్లికి దగ్గర. మూడోది మాది. రంగారెడ్డి జిల్లాలో, హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ పోయే రోడ్డు మీద సుమారు 30 కిలోమీటర్లు వస్తే తగులుతుంది.

"మాదే" అన్నాను. ఆ రెండక్షరాలు అనేసరికి గొంతు పట్టేసింది.

ఆ వార్త సంగతికి తర్వాత వస్తాను. ముందు ఆ ప్రశ్న గురించి చెప్పాలి. నేను జర్నలిజం నేర్చుకున్నది ఆ ప్రశ్నతోనే, ఆ ఊళ్లోనే.

2016లో డిగ్రీ ప్రవేశాలకు 'దోస్త్' కొత్తగా వచ్చింది. ఇంటర్ మార్కులు పెట్టి, కాలేజీల పేర్లు వరసగా ఎంచుకుని, ఏది వస్తే అందులో చేరాలి. నాకు ఇబ్రహీంపట్నంలో ఒక చిన్న ప్రైవేటు కాలేజీలో బీఏ సీటొచ్చింది. మూడు ప్రధాన సబ్జెక్టుల్లో ఒకటి మాస్ కమ్యూనికేషన్ అండ్ జర్నలిజం. మా ఊరు యాచారం దాటాక ఉంటుంది. పొద్దున ఏడున్నర బస్సు దొరికితే సీటు, ఎనిమిదింటిదైతే ఫుట్‌బోర్డు. సాగర్ రోడ్డు పొడవునా ఇంజినీరింగ్ కాలేజీలే. శేరిగూడ, మంగళ్‌పల్లి, ఖానాపూర్, ఎటు చూసినా పెద్ద గేట్లు, పచ్చగడ్డి, పసుపు బస్సులు. మా కాలేజీకి గేటు లేదు. కింద రెండు షట్టర్లు, పక్కన మెట్లు, పైన రెండంతస్తుల్లో తరగతులు. షట్టర్లలో ఒకటి బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపు. కాలిన రాగితీగ వాసన మెట్ల మీదుగా క్లాసు దాకా వచ్చేది. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నాకు నోట్‌బుక్ తెరవాలనిపిస్తుంది.

జర్నలిజం తీసుకున్నవాళ్లం పదకొండు మందిమి. స్టూడియో లేదు, కెమెరా లేదు. ల్యాబ్ అని బోర్డున్న గదిలో నాలుగు కంప్యూటర్లుంటే ఒకటి లేచేది. సిలబస్ పుస్తకంలో మార్షల్ మెక్లూహాన్ నుంచి మొదటి ప్రెస్ కమిషన్ దాకా అన్నీ ఉన్నాయి. ఊళ్లో మాత్రం ఒకటే ప్రశ్న: "జర్నలిజమా? టీవీల కనవడ్తవా బిడ్డా?" మా నాయన ఆ ప్రశ్నకు ఎన్నడూ జవాబు చెప్పలేదు. నవ్వి ఊరుకునేవాడు. ఆయనకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందా రాదా అన్నదే రంది.

మాకు పాఠం చెప్పిన సారు ఒక పత్రికకు కంట్రిబ్యూటర్. జీతం కాదు, లైన్ అకౌంట్. రాసిన వార్త ఎన్ని లైన్లు అచ్చయితే అన్ని లైన్లకు లెక్క. పొద్దున రెండు గంటలు మాకు చెప్పి, తర్వాత బండి మీద మండలం తిరిగేవాడు. మొదటి రోజు క్లాసుకొచ్చి ఆయన బోర్డు మీద ఒకే మాట రాశాడు: ఇబ్రహీంపట్నం. పక్కన రెండు చుక్కలు పెట్టాడు. సుద్దముక్క బల్ల మీద పెట్టేసి మా వైపు తిరిగాడు.

"వార్తల మొదటి మాట ఇది. మీరు ఈడ నిలవడి చూసినమని రాసిచ్చే కాయితం అన్నట్టు. సంతకం లెక్క. ఊరికి పోకుంట ఊరి పేరు రాస్తే దొంగ సంతకం పెట్టినట్టే."

డేట్‌లైన్ అనే మాట పుస్తకంలో ఒక పేరా ఉంటుంది. ఆ పేరాను ఆయన మూడేళ్లు చెప్పాడు. పేపర్లు తెచ్చి ముందర పరిచేవాడు. ఈనాడులో 'ఇబ్రహీంపట్నం, న్యూస్‌టుడే' అని మొదలవుతుంది. నవతెలంగాణలో పత్రిక పేరు ముందొచ్చి ఊరి పేరు తర్వాత వస్తుంది. ఎట్లా వచ్చినా ఊరు లేకుండా వార్త లేదు. ఎర్ర పెన్నుతో ఊరి పేర్లన్నీ చుట్టమనేవాడు. చుట్టాక అడిగేవాడు: "ఈ వార్త రాసినాయన ఆ ఊరికి పోయిండా, ఫోన్ల రాసిండా? ఎట్ల తెలుస్తది?" మొదట్లో మాకు తెలిసేది కాదు. రెండో ఏడాదికల్లా తెలిసిపోయేది. పోయి రాసిన వార్తలో ఏదో ఒకటి అనవసరంగా ఉంటుంది. సర్పంచ్ మాట్లాడుతుంటే వెనకాల ట్యాంకు పొర్లుతున్నట్టో, సభకు వచ్చిన ముసలమ్మ చేతిలో మందుల కవరున్నట్టో. ఫోన్లో రాసిన వార్తలో అన్నీ అవసరమైనవే ఉంటాయి.

ఇబ్రహీంపట్నం పేరు వెనక మనిషి ఉన్నాడని చెప్పింది కూడా ఆయనే. ఇబ్రహీం కుతుబ్‌షా 1550 నుంచి 1580 దాకా గోలకొండనేలాడు. అంతకుముందు ఏడేళ్లు విజయనగరంలో తలదాచుకుని, అక్కడ తెలుగు రుచి మరిగి వచ్చాడు. మన కవులు ఆయన్ను మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధరకవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఊరి పెద్ద చెరువు ఆయన కాలపుదే. ఆ చెరువుకు నీళ్లు తేవడానికి నిజాం జమానాలో ఫిరంగి నాలా తవ్వారు. అది షాబాద్ వైపు చందనవెల్లి దగ్గర మొదలై శంషాబాద్ మీదుగా వస్తుంది. నేను చదివిన మూడేళ్లూ ఆ చెరువు నిండగా చూడలేదు. కట్ట మీద నిలబడితే తుమ్మచెట్లు, మధ్యలో కాస్త తడి, పశువులు. నాలా ఎక్కడ మాయమైందో కనుక్కు రమ్మని మా సారు ఇద్దరిద్దరిని జతచేసి పంపాడు. ఒకచోట ప్లాట్లు, ఒకచోట ప్రహరీ, ఒకచోట ఉత్త చెత్త. "చెరువు ఎండింది" అని రాయడానికి, "నాలా ఫలానా చోట ఆగింది" అని రాయడానికి ఎంత దూరముందో ఆ ఎండలో నడిస్తే అర్థమైంది. మొదటి దానికి ఎవరూ జవాబు చెప్పనక్కర్లేదు. రెండోదానికి ఎవరో ఒకరు చెప్పాలి.

మా ఊళ్లలాంటి ఊళ్ల పేర్లు పేపర్లోకి రావడం పాత ముచ్చటేం కాదు. 1989లో ఈనాడు జిల్లాకో చిన్న పేపరు విడిగా వేయడం మొదలుపెట్టాక, మిగతా పత్రికలూ అదే దారి పట్టాక, పంచాయతీ తగాదాకూ బడి గోడకూ అచ్చులో చోటు దొరికింది. ఆ మార్పును చూసి ఆస్ట్రేలియా నుంచి వచ్చిన రాబిన్ జెఫ్రీ భారతీయ భాషా పత్రికల మీద పెద్ద పుస్తకమే రాశాడు, 2000లో వచ్చింది. కాని దాని వేరు ఇంకా లోపల ఉంది. 1922లో తెలంగాణలో రెండు వారపత్రికలు పుట్టాయి. ఒకటి నల్లగొండలో షబ్నవీసు వెంకటరామనరసింహారావు పెట్టిన 'నీలగిరి'. రెండోది ఇనుగుర్తి అనే పల్లెటూళ్లో ఒద్దిరాజు సోదరులు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు ఇంటిపట్టున అచ్చుపని పెట్టుకుని నడిపిన 'తెనుగు'. నాలుగేళ్లకు హైదరాబాద్‌లో సురవరం ప్రతాపరెడ్డి 'గోలకొండ పత్రిక' మొదలుపెట్టారు. నీలగిరి అంటే నల్లగొండకు పాత పేరే. గోలకొండ సంగతి చెప్పనక్కర్లేదు. ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నారో ఆ పత్రికల పేర్లే చెప్తాయి.

సురవరం వారి పని ఒకటి నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. తెలంగాణలో కవులు లేరన్న మాట ఒకటి అచ్చులో వచ్చినప్పుడు ఆయన వ్యాసం రాసి వాదించి ఊరుకోవచ్చు. అట్లా చేయలేదు. ఊరూరి నుంచీ పద్యాలు తెప్పించి, కవుల వివరాలు కూడగట్టి, 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' వేశారు. పేరు, ఊరు, పద్యం. లేరన్నవాళ్లకు అంతకన్నా ఏం చెప్పాలి? జర్నలిజం విద్యార్థి ఎవరైనా ఏడాదికొక్కసారి ఆ సంచిక తిరగేయాలని నేనంటాను. సాహిత్యం కోసమే కాదు, ఆ ఓపిక చూడటానికి.

ఇక భూమి. ఇబ్రహీంపట్నంలో వార్త అంటే పదింట ఎనిమిది భూమి వార్తలే. బొంగ్లూరు దగ్గర ఔటర్ రింగు రోడ్డు, ఆదిబట్లలో విమాన విడిభాగాల కంపెనీలు, యాచారం, కందుకూరు వైపు దాదాపు 19 వేల ఎకరాల్లో అప్పటి ఫార్మాసిటీ ప్రతిపాదన. నేను మొదటి ఏడాదిలో ఉండగా మా బస్సులో అందరూ మాట్లాడుకునేది వానల గురించి. మూడో ఏడాదికి నోటీసుల గురించి మాట్లాడటం మొదలుపెట్టారు.

ఒకరోజు సారు సంచిలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పరిచాడు. పాత పహాణీ నకలు. మడతల దగ్గర చిరిగి, టేపు అంటించి ఉంది. పదకొండు మందిమి చుట్టూ చేరాం. సర్వే నంబరు, విస్తీర్ణం, భూమి రకం, శిస్తు. ఆయన వేలు రెండు గడుల దగ్గర ఆగింది. ఒక గడి పైన 'పట్టాదారు పేరు' అనుంది. ఇంకొక గడి పైన 'అనుభవదారు పేరు' అనుంది. ఒక సర్వే నంబరులో రెండు గడుల్లోనూ ఒకే పేరుంది. కింద ఇంకో నంబరులో పట్టాదారు ఒకరు, అనుభవదారు ఇంకొకరు. ఆ ఇంకొకరి పేరు కింద తండ్రి పేరు కూడా చిన్న అక్షరాల్లో రాసుంది. పట్వారీ చేతిరాత, నీలి సిరా వెలిసి బూడిదరంగుకొచ్చింది.

"కాయితం మీద ఒకలు, కయ్యల ఒకలు. ఈ రెండు గడుల నడుమ గీత ఉన్నది చూసిండ్రా, మీ వార్తలన్నీ ఆడ్నే ఉంటయి" అన్నాడు.

ఆ గీత కథ చాలా పెద్దది. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారులున్నారు. 38-ఇ సర్టిఫికెట్లు చేతికొచ్చినా భూమి చేతికిరాని కుటుంబాలున్నాయి. తాత దున్నిన చేను మనవడి పేరు మీదికి ఎక్కకపోవడానికి ఎన్ని కారణాలుండాలో అన్నీ ఉన్నాయి. 2017లో ప్రభుత్వం భూ రికార్డుల ప్రక్షాళన మొదలుపెట్టింది. 2020లో ధరణి వచ్చింది. ఆ రికార్డులో అనుభవదారు గడి పెట్టలేదు. ఒక గడి పోతే ఎందరు మనుషులు కాగితం మీద లేకుండా పోతారో, ఆ పాత పహాణీ చూడకపోతే నాకు బోధపడేది కాదు. జర్నలిజం చెప్పే ప్రతి కాలేజీలో కెమెరా కంటే ముందు పహాణీ చదవడం నేర్పాలి. ఇది నేను గట్టిగా నమ్మే మాట.

కింద వైండింగ్ షాపు మాకు రెండో తరగతి గది. మోటారు బాగయ్యేదాకా రైతులు మెట్ల మీద కూర్చునేవాళ్లు. వాళ్లతో మాట్లాడి రమ్మనేవాడు సారు. ప్రశ్నలు అడగొద్దు, ముందు కూర్చొమ్మనేవాడు. ఎన్ని ఫీట్లు వేశారు, ఎన్ని బోర్లు ఎండాయి, మిత్తి ఎంత, అన్నీ అడగకుండానే వచ్చేవి. పేరు మాత్రం అడిగి రాసుకోవాలి. ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు, ఊళ్లో ఏ వాడ. 'పేరు చెప్పడానికి ఇష్టపడని రైతు' అని రాస్తే ఆ పేజీ చింపేసేవాడు. "ఇష్టపడకపోతె ఎందుకు ఇష్టపడలేదో అది రాయి, అదే వార్త" అనేవాడు.

అంత చెప్పించుకున్నదాన్ని నేనే తప్పు చేశాను.

రెండో ఏడాది చివర. భూసేకరణ మీద ఒక ఊళ్లో గ్రామసభ జరిగితే సారుతో పాటు వెళ్లాను. భూమి ఇచ్చేది లేదని ఊరంతా ఒకే మాట మీదుంది. ఒక్క మనిషి లేచి, పిల్ల పెళ్లి ఉంది, మంచి ధర కడితే ఇస్తానన్నాడు. నేను ఆ మాట రాసుకున్నాను, పేరు రాసుకున్నాను. సారు డెస్కుకు పంపుతూ నా కాపీలోంచి నాలుగు లైన్లు తీసుకున్నాడు. మర్నాడు జిల్లా పేజీలో వచ్చింది. నా మాటలు మొదటిసారి అచ్చులో చూసుకున్నాను. ఆ రోజంతా ఆ పేపరు బ్యాగులోంచి తీయడం, పెట్టడం.

మూడో రోజు మధ్యాహ్నం ఒక పెద్దమనిషి మెట్లెక్కి వచ్చాడు. తెల్ల ధోతి, భుజాన తువ్వాల. తువ్వాల కొంగులో మడిచిన పేపరుంది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికొచ్చి వెనక బెంచీ చివర కూర్చున్నాడు. ఎవరో పిల్లల కోసం వచ్చిన తండ్రేమో అనుకున్నాం. సారు పాఠం ఆపి పలకరిస్తే పేపరు విప్పి, ఆ నాలుగు లైన్ల మీద వేలు పెట్టాడు. నా కాపీ అని తెలిసి నన్ను పిలిచారు.

"బిడ్డా, ఇండ్ల రాసింది నా పేరే. గని నేను గాదు."

ఆ ఊళ్లో ఆ పేరుతో ఇద్దరున్నారు. ఇంటిపేరు కూడా ఒకటే. ఒకరు భూమి ఇస్తానన్నవాడు. ఒకరు ఈయన. భూమి ఇవ్వొద్దని ఊరిని కూడగట్టినవాళ్లలో ఈయన ముందున్నాడు. పేపరు చూసి ఊళ్లో సగం మంది ఈయనతో మాట మానేశారు. రచ్చకట్ట మీద చోటిచ్చేవాళ్లు చూపు తిప్పుకున్నారు. సొంత తమ్ముడే, ఎంతకు మాట్లాడుకున్నవని అడిగాడట. ఇద్దరినీ వేరుచేసేది తండ్రి పేరొక్కటే. అది నా నోట్‌బుక్కులో ఉంది. కాపీలోకి ఎత్తలేదు. నాలుగు లైన్లలో పొడవవుతుందనిపించింది.

ఆయన అరవలేదు. కాగితం మీద నుంచి వేలు తీయలేదు. ఆ వేలి గోరు పక్కన పత్తి తీసేటప్పుడు పడే సన్నటి కోతలున్నాయి. నా కళ్లు అక్కడే ఆగిపోయాయి. ఆయన మొహం చూడాలంటే నావల్ల కాలేదు.

"నీకు తెల్వక రాసినవు. నాకైతె నా పేరు నాకు గావాలె" అన్నాడు. ఆ గొంతులో కోపం ఉన్నా నాకు కాస్త సులువయ్యేది.

పట్టాదారు గడి, అనుభవదారు గడి, వాటి నడుమ గీత, కింద చిన్న అక్షరాల్లో తండ్రి పేరు. ఆ పట్వారీ ఎవరో, ఎంత మంచివాడో చెడ్డవాడో నాకు తెలియదు. కాని తండ్రి పేరు రాయడానికి ఆయనకు చోటు చాలింది. నాకు చాలలేదు.

సవరణ వేయించడానికి సారు రెండు రోజులు ఫోన్లు చేశాడు. మూడు లైన్లు వచ్చింది, లోపలి పేజీలో అడుగున. "ఇది చాలదు, పా" అన్నాడు. ఆయన బండి వెనక కూర్చుని ఆ ఊరికి పోయాను. పొద్దు గూకే యాళ్ల, రచ్చకట్ట దగ్గర పదిహేను, ఇరవై మందున్నారు. సారు మాట్లాడలేదు, నన్ను మాట్లాడమన్నాడు. పేపరు చదివి, తప్పు నాదని చెప్పాను. ఇద్దరి పేర్లూ తండ్రుల పేర్లతో సహా చెప్పాను. ఎవరూ ఏమీ అనలేదు. ఆ పెద్దమనిషి లేచి తన పక్కన చోటు సర్ది "కూసో బిడ్డా" అన్నాడు. భూమి ఇస్తానన్న రెండో ఆయన కూడా అక్కడే ఉన్నాడు. ఆయన గురించి రాసిన మాట నిజమే. అయినా ఆయన మొహం చూస్తే, నేను ఆయనకూ ఏదో బాకీ ఉన్నాననిపించింది. పిల్ల పెళ్లి సంగతి రాయలేదు కదా. ధర కడితే ఇస్తాడన్నది మాత్రం రాశాను.

డిగ్రీ అయ్యాక ఉస్మానియాలో ఎంసీజే చేశాను. 1954లో మొదలైన విభాగం అది, దక్షిణాదిలో జర్నలిజం చెప్పిన తొలి విశ్వవిద్యాలయ శాఖల్లో ఒకటి. డి ఫారెస్ట్ ఓడెల్ అనే అమెరికా ప్రొఫెసర్ దానికి పునాది వేశాడు. అక్కడ చదువు బాగా సాగింది, లైబ్రరీలో దొరకని పుస్తకం లేదనిపించేది. సిద్ధాంతాలకు పేర్లు తెలిశాయి. మా సారు వైండింగ్ షాపు మెట్ల మీద చేయించిన పనికి పుస్తకాల్లో పెద్ద పెద్ద పేర్లున్నాయని తెలిసి సంతోషమేసింది. చిన్న కాలేజీలో చదివినవాళ్లను చూసి జాలిపడేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. మాకు కొరత లేదని నేననను. పదకొండు మందిలో పత్రికల్లో మిగిలింది ముగ్గురమే. ఇంగ్లిషు రాక ఇద్దరు వెనకబడ్డారు. ఒక అమ్మాయికి ఇంట్లో పెళ్లి చేశారు, మా అందరిలోకీ బాగా రాసేది ఆమె. ఆ కొరతలు నిజం. కాని మేం ఎవరి గురించి రాసేవాళ్లమో వాళ్లు మర్నాడు మెట్లెక్కి రాగలిగేవాళ్లు. గేటు లేదు, వాచ్‌మన్ లేడు. చెప్పులు విడిచి వచ్చి వెనక బెంచీలో కూర్చోవచ్చు. ఆ చదువు నాకు పెద్ద గేట్ల వెనక దొరికేది కాదు.

ఇప్పుడు ఆ ఆగస్టుకు వస్తాను.

రంగారెడ్డి జిల్లా 1978లో ఏర్పడింది. దశాబ్దాల పాటు కలెక్టర్ ఆఫీసు హైదరాబాద్ నగరంలోనే ఉండేది. జిల్లా ఒకచోట, జిల్లా ఆఫీసు ఇంకోచోట. 2022 ఆగస్టు 25న మా ఇబ్రహీంపట్నం మండలంలోని కొంగర కలాన్‌లో కొత్త కలెక్టరేట్‌ను ముఖ్యమంత్రి ప్రారంభించారు. పెద్ద వార్తే. మా క్లాసులో చదివి అక్కడే కంట్రిబ్యూటరైన మిత్రుడు పొద్దున్నుంచీ అక్కడే ఉన్నాడు, ఉండాలి కూడా. రాత్రి జిల్లా పేజీ పెట్టింది నేను. పేజీ నిండా ఫొటోలు. మా మండలం పేరు అంత పెద్ద అక్షరాల్లో వేయడం నాకు అదే మొదలు.

అదే రోజు, అదే మండల కేంద్రంలో, సర్కారు దవాఖానలో 34 మంది ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. ఒక్క రోజులో 34. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన తల్లులు, చంటిపిల్లలున్నవాళ్లు. ఆ తర్వాతి రోజుల్లో వాళ్లలో నలుగురు చనిపోయారు. మిగతా 30 మందిని హైదరాబాద్ ఆస్పత్రులకు తరలించి వైద్యం చేయించారు. సర్కారు విచారణకు ఆదేశించింది.

నేను పెట్టిన పేజీలో ఆ క్యాంపు గురించి ఒక్క లైను లేదు. క్యాంపు జరగడం వార్త కాదని ఎవరైనా అంటారు, నెలనెలా జరిగేదే. రాసి ఉంటే ఏదో మారేదని కూడా నేననుకోను, అట్లా అనుకోవడం పోయిన ప్రాణాల ముందు పెద్ద మాట. కాని 34 అన్న అంకె ఆ రోజు ఆ ఊళ్లోనే ఉంది. ఎవరైనా గేటు దగ్గర నిలబడి లెక్కపెట్టుకోగలిగినంత దగ్గర్లో ఉంది. డేట్‌లైన్ గురించి మూడేళ్లు చదివినదాన్ని, ఆ రోజు ఇబ్రహీంపట్నం పేరు పెట్టి నేను వేసినవన్నీ ఒక్క మైదానం నుంచి వచ్చిన వార్తలే. రెండో ఇబ్రహీంపట్నం అదే మండలంలో ఉంది.

అందుకే ఆ మరణాల వార్త వచ్చిన రాత్రి డెస్కులో "ఏ ఇబ్రహీంపట్నం?" అన్నప్పుడు నాకు విజయవాడ గుర్తుకు రాలేదు, జగిత్యాల గుర్తుకు రాలేదు.

మిత్రుడికి ఫోన్ చేశాను. వెనకాల బస్టాండు రొద, హారన్లు, ఎవరో ఏడుస్తున్న గొంతు. పేర్లు చెప్పమన్నాను. ఇంటిపేరు, భర్త పేరు, ఊరు, వయసు. ఒక్కొక్కటీ మళ్లీ చెప్పించుకున్నాను. అప్పటికే టీవీల్లో తిరుగుతున్న ఒక పేరు ఒక్కోచోట ఒక్కోలాగా ఉంది.

"ఈ పేరు మళ్లోసారి చెప్పు. 'ల'నా, 'ళ'నా?"

"అందరు 'ల' అనే రాస్తున్నరు."

"అందరు కాదు. ఆమె ఎట్ల రాసుకునేదో అది."

కాసేపు మాట లేదు. "ఆగు, వాళ్ల ఊరోళ్లు ఈడ్నే ఉన్నరు, అడిగి చెప్త" అన్నాడు. ఫోన్ చేతిలో పట్టుకునే నడుస్తున్నాడు, కంకర మీద చెప్పుల చప్పుడు వినిపిస్తోంది. పక్క సీటు నుంచి పేజీ ఎప్పుడిస్తావని అడుగుతున్నారు. ఇంకా ఇరవై నిమిషాలుంది. కీబోర్డు మీద వేళ్లు ఆపి, ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుని కూర్చున్నాను.